బల్ల

ముసురు విడిచినంక తూకం పెట్టిన.
వాసానికి కట్టిన జోలెల ఉంగయ్యను కూసోబెడితే
ముల్లు ఆషాఢంల ఆగినకాడనే ఆగింది.
త్రాసుది తప్పు గాదు. పిలగానిది అసలే గాదు.
పొద్దుగూకంగ చలి, తెల్లారంగ చెమట,
నడుమ ఒక బొంత, బొంత మీద బొంత,
దాని మీద తల్లి.
ఈ యేడు ఇది మూడోపారి.

జ్వరమొచ్చిన నెల
నా రిజిస్టర్ల వాని గీత మెట్టు జారుతది.
తేరుకొని కాలు పెట్టేలోపట మళ్ల వాగు పొంగుతది,
మళ్ల దోమ.

ఐదేండ్ల ఉంగయ్య, మూడేండ్ల సుక్కయ్య
పక్కపక్కకు నిలవడితే భుజం భుజం.
తమ్మునికి పొట్టైన అంగీ
మొన్న అన్నకు తొడిగింది ముత్తక్క.
ఏ ఇంట్లనన్న బట్టలు పెద్దోని నుంచి చిన్నోనికి దిగుతయి,
ఈ ఇంట్ల ఎదురు నడుస్తున్నయి.
రెక్కల కాడ వదులు,
కడుపు కాడ గుండీ పట్టలే.

తాడ్వాయి డాక్టరు ఎడమ డొక్క కింద వేళ్లు ఆనించి
"బల్ల పెరిగింది" అన్నడు.
ముత్తక్క నా మొఖం చూసింది.
కోయల చెప్పబోయి ఆగిన, ఆ మాట నాకు దొరకలే.
పిలగాడు పెరగలే, బల్ల పెరిగిందని
ఏ భాషల చెప్పాలె తల్లికి?

వేలు పొడిచిండ్రు.
హోళీకి మోదుగుపూలు రెండోపారి నానేసిన నీళ్ల లెక్క
వచ్చిందొక చుక్క.
నాలుగు పాయింట్ ఎనిమిది.
కింది రెప్ప లాగితే లోపల
సున్నమేసిన గోడ.
ఇంటికాడ ఎర్రమట్టి గోడను గోటితో గీరుక తింటుంటే
కొట్టిన్నని ఏడ్సింది ముత్తక్క.
నేను గూడ కొట్టిన, ఒకపారి.
ఏది తక్కువైందో మాకంటె ముందే వానికెరుక.

దోమ తాగింది చుక్కనే.
అది ఇడిసిపెట్టిపోయింది లోపల కూసోని తింటది.

ములుగు దవాఖాన్ల ఒక సంచి నెత్తురెక్కించిండ్రు,
ఎవలిదో, పేరు తెల్వదు.
మూడు రోజుల గోలీలు మింగిండు, ఒకటి కక్కిండు, మళ్ల మింగిండు.
తర్వాత నెలల పొడుగూత ఇనుము మందు,
పండ్లు నల్లగైనయి.

పుష్యమాసంల మళ్ల జోలె కట్టిన.
గుండీ పట్టింది.
ముల్లు మాత్రం నిలవది.
అటు ఇటు ఊగుతది, చదవరాదు.
కదలకురా అనబోయి చూసిన:
కాళ్లు ఊపుతున్నడు.

రాసుడు రేపన్న రాస్త.
ఊపనియ్యి.