కుడిచెవి చిట్టా

ఐలేష్, ఈ మెమొరీ కార్డు పారేసుకోకు.
సున్నం డబ్బీల పెట్టి ఇస్తున్న.
హన్మకొండ చౌరస్తాల పాటలెక్కించే దుకాణం
మూసేసే నాడు
దగ్గర కూసుండి నింపిచ్చుకున్నది.
నీ ఫోనుకు కార్డు పట్టే సందే లేదంటవ్ గని
మీ నాయిన పాత సెట్టు అడుగు, ఇస్తడు.

ముందుగల్ల ‘లాంప్ రూమ్’ విను.
గోదావరిఖని అన్నదమ్ములు.
పెద్దోడు రాస్తడు, చిన్నోడు కొడతడు.
‘మూడో షిఫ్ట్’ అని తొమ్మిది పాటలు.
డ్రమ్ములు కొనే పైసల్లేక
టిఫిన్ డబ్బా మూత, తడిసిన బూటు,
గనిల దిగేటప్పటి గంట.
హిప్ హాప్ అంటే
గొలుసులేసుకొని చేతులూపుడే అనుకున్న నేను
నాలుగో పాట కాడ లేసి నిలవడ్డ.
అండ్ల పెద్దోడు ఏం చెప్పడు.
పైకి రాని మనుషుల నంబర్లు చదువుతడు,
నూట ఇరవై, రెండొందల నలభై,
మూడొందల అరవై...
మన లెక్కలకు ప్రాస పుట్టుకతోనే ఉన్నదని
నాకు ఆనాడే ఎరుకైంది.
బస్సుల వినకు దాన్ని.

తర్వాత ఆగ్నెస్ టీచరు.
సోల్ అంటే చెప్పు కిందిదనుకున్న,
నవ్వకు.
మరీ అంత తప్పు కూడ కాదు,
అరిగేదాక నడిచినోళ్ల గొంతే అది.
కాజీపేట రైల్వే క్వార్టర్ల
వంటింట్ల కిటికీ మూసి పాడింది, ‘ఔటర్ సిగ్నల్’.
రెండో పాట నడుమ గూడ్సు బండొస్తది.
ఇంకెవరైతే మళ్ల మొదలు పెడ్దురు.
ఆమె ఆగుతది.
యాభై ఎనిమిది డబ్బాలు, నేను లెక్కవెట్టిన.
ఆఖరి డబ్బా దాటినంక
ఇడిసిన కాడనే, అదే శ్రుతిల అందుకుంటది.
ఆ ఆగుడు కోసమే
పాట మొత్తం వింట నేను.

‘దొర్సాని’ అని ఒకటుంటది, దాటేసేయ్.
మొదటిది మంచిగనే చేసిండు.
పట్నం పోయినంక
గొంతుకు పౌడరు రాసుకుండు.

ఇగ ‘మండిబజార్ బ్రాస్’.
ఇది ఏ ఖానల పెట్టాల్నో
దుకాణపాయనకే తెల్వక
‘ఇతరములు’ అని రాసిండు.
పెండ్లి బ్యాండోళ్లు, సావు డప్పోళ్లు,
ఎన్ఐటీల సదివే ఒక బేసు గిటారు పోరి
ఒక్క రాత్రి, ఒక్క మైకు ముందట.
ఏడో పాటల రెండో నిమిషం కాడ
అందరు ఆగిపోతరు.
అప్పుడు సర్దార్ సాబ్ క్లారినెట్ వస్తదట,
ఎడమ దిక్కు నుంచి, ఒక్కటే,
ఆడివిల్లను సాగదోలేటప్పుడు
తల్లి మింగిన ఏడుపు లెక్క.

వస్తదట అన్న.
నేను వినలే.

పదకొండేండ్లు గ్రానైటు రంపం
నా ఎడమ దిక్కే తిరిగింది.
చెవుల దూది పెట్టుకుంటె
మేస్త్రి నవ్వుతుండె.
ఓనాడు ఫోను ఎడమకు పెట్టుకొని
అలో అలో అని నేనే కట్ చేసిన.
అవుతల మీ అత్త మాట్లాడుతనే ఉన్నదట.
గప్పటి సంది నాకు పాటలన్ని సగం.
ఇప్పటిదాక నీకు చెప్పింది
కుడి దిక్కు సంగతే.

ఏడో పాటకొస్తే సర్దార్ సాబ్ ఊదినంత సేపు
నాకు ఒట్టి నిశ్శబ్దం.
దాన్నీ వింట.
పదహారు సెకన్లు.

సోమారం నుంచి రంపం కాడ నువ్వంట,
మీ నాయిన చెప్పిండు.
డబ్బీల కార్డు కింద
నారింజ రంగువి రెండు నురుగు బిరడలున్నయి,
అవి మందులు గావు, మింగకు.
వేళ్లతోని నలిపి, సన్నగ జేసి
చెవుల పెట్టుకుంటె అవే ఉబ్బుతయి.
మేస్త్రి నవ్వితే నవ్వనీ.

ఐతారం తీరికుంటది గదా,
ఏడో పాట, రెండో నిమిషం.
విన్నంక మా ఇంటికి రా.
ఇటు, కుడి దిక్కు కూసుండి
నాకు చెప్పు.