ఏటవాలు కంచె

నాలుగో రోజుకు వాసన పోయింది.
పోయింది వాసన కాదు, మా ముక్కులు.

ఖిరాన్ ఒడ్డున, మంచినీళ్ళ ప్లాంటుకు కాస్త అవతల,
నారింజరంగు బూమును పడవ మీంచి వదులుతున్నాం
మూర తర్వాత మూర,
బట్టలకొట్టు గుమాస్తా తాను విప్పినట్టు.
పైన గాలి నింపిన గొట్టం, కింద వేలాడే రబ్బరు అంచు,
ఆ అంచున గొలుసు బరువు.
ఇంజనీర్లు దాన్ని స్కర్ట్ అంటారు.
ఖాదర్‌వలి పావడా అన్నాడు.
మూడు రోజుల్లో మేం నవ్వింది అప్పుడొక్కసారే.

అడ్డంగా కట్టేద్దాం మేడమ్, అన్నాను.
రాయచోటి వాణ్ణి, నాకు కట్ట అంటే
నీళ్ళకు అడ్డంగా వేసేదే.
హయా మేడమ్ తల కూడా అడ్డంగానే ఊపింది.
నీటి ఉరవడి ముప్పావు నాట్ దాటితే
నూనె తలుపు తట్టదు,
గడప కింద నుంచి దూరుతుంది.
ఏటవాలుగా వెయ్యి. ఆపకు, దారి చూపించు.
సగం అరబ్బీలో, సగం చేతులతో చెప్పింది.

నేను నమ్మలేదు.
నా వైపు కొస మాత్రం
ఎవరూ చూడకుండా
కొంచెం తిన్నగా లాగి కట్టాను.

రాత్రి పన్నెండుకు పోటు తిరిగింది.
దీపం వేసి చూస్తే
ఆ కొసన, ఓ ఇరవై మీటర్ల మేర,
బూముకు ఇవతలి నీళ్ళలో
నల్లటి బొట్లు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి
మునిగి లేచిన దొంగ తలల్లా.
ఆమె ఎవరు కట్టారని అడగలేదు.
చిరిగిన గ్లౌజుతోనే ముడి విప్పింది.
తాడు నా చేతికిచ్చి
వేలితో గాల్లో ఒక ఏటవాలు గీత గీసింది.

ఇక అక్కడి నుంచి పంపులు, హోసులు, తిట్లు.
స్కిమ్మర్ పళ్ళేలు తిరిగి తిరిగి
నూనెను నాకి తొట్లో ఊస్తాయి.
పెరుగు చిలికితే వెన్న విడిపోయి తేలుతుంది కదా,
ఇక్కడ అల చిలికేకొద్దీ నూనె నీళ్ళను మింగి
గోధుమరంగు ముద్దై లావెక్కుతుంది.
ఒలికింది ఒక పీపా అయితే
ఎత్తాల్సింది మూడు.
నూనె, నీళ్ళు కలవవన్న పెద్దమనిషి ఎవరో
ఒక్క పూట వచ్చి ఈ హోసు పట్టుకోవాలి.
రొడెల్ ఎండకు పడిపోయాడు.
అతని బూట్లలోంచి చెమట వంచితే
అది కూడా నల్లగానే వచ్చింది.

దారి చూపిస్తే, అది ఎక్కడికో ఒకచోటికి పోవాలి.
మేం చూపిన చోట ఒక ఇసుక మేట ఉంది.
మేట మీద ముసలి మిషారి పడవ,
బోర్లించిన చేపల తీగబుట్టలు,
ఒక ప్లాస్టిక్ కుర్చీ.
మ్యాపులో అక్కడ ఎర్ర పెన్సిలు సున్నా.
ఆయన వచ్చి నన్నే అడిగాడు,
యూనిఫారం ఎవరికుంటే వాళ్ళే సర్కారు కదా.
ఇక్కడికే ఎందుకు?
ఇసుకలో పార దిగుతుంది, అన్నాను.
లారీ ఒడ్డు దాకా వస్తుంది.
అటు పోనిస్తే ప్లాంటు గొట్టం మూసెయ్యాలి.
మూడూ విన్నాడు.
విని, ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టు
అలాగే నిలబడ్డాడు.
కుర్చీ మాత్రం నేనే మోసి పైన పెట్టాను.

పదకొండో రోజు మమ్మల్ని వదిలారు.
లెక్కలో రాశారు: ఎత్తిన సంచులు ఇన్ని, లారీలు ఇన్ని.
నీళ్ళ మీద ఇంకా కనిపించే
నెమలికంఠం రంగు పొరకు
ఆ కాగితంలో గడి లేదు.

మహబూలాలో మా గది, ఎనిమిది మంచాలు.
కుళాయి తిప్పి గ్లాసు నింపాను.
ఈ దేశంలో ఏటి నీళ్ళు లేవు,
తాగేది ఆ సముద్రాన్నే, ఉప్పు తీసి.
ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియలేదు.
వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న మస్తానయ్యకు ఇచ్చాను.
వాసనొస్తోందా చూడన్నా.
ఏం వాసన, అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఉల్లిపాయల ముక్కును నమ్మి తాగేశాను.
తర్వాత ఇంకో గ్లాసు.