ఏ బియ్యం?

జీలాంగ్‌లో జూలై. ఏడు దాటినా తెల్లారదు.
అఖాతం మీది గాలి కిటికీ సందుల్లోంచి ఈల వేస్తోంది.
హీటర్ ముందు కాళ్ళు చాపుకుని
నా గంటల్ని లెక్కపెట్టే యాప్ కోసం వెతుకుతున్నాను.

మూడు పనులు నాకు.
పొద్దున కోస్టాస్ బేకరీ చిట్టా పద్దులు,
మధ్యాహ్నం ఓ పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంట్లు,
నడుమ నడుమ, ఎప్పుడు మోగితే అప్పుడు,
ఫోన్లో దుబాసీ పని: ఆసుపత్రికీ తెలుగుకీ మధ్య.
ఇన్నాళ్ళూ కరెంటు బిల్లుల వెనకాల రాసుకునేదాన్ని.
మార్చి నెల మొత్తం రీసైక్లింగ్ బండెక్కి వెళ్ళిపోయింది.

మొదటి దాన్లో రంగురంగుల చక్రాలు, పట్టీలు.
"మీ బృందంలో ఎంతమంది?" అనడిగింది.
నేనూ, నా మోకాలి నొప్పీ.

రెండోది పది నిమిషాలకోసారి
నా స్క్రీన్ ఫొటో తీస్తానంది.
మా హాస్టల్ వార్డెన్ నయం, తలుపు తట్టి వచ్చేది.

మూడోది మంచిదే పాపం.
కీబోర్డు మీంచి చెయ్యి తీస్తే చాలు
"ఉన్నారా?" అని పలకరించేది.
ఉన్నాను తల్లీ, ఆలోచిస్తున్నాను.
ఆలోచనని ఏ గడిలో వెయ్యాలో దానికి తెలీదు.

చివరికి నాలుగోది.
ఒక మీట. కింద ఒక గీత. గీత మీద పని పేరు.
నొక్కితే మొదలు, నొక్కితే ఆఖరు.
దాన్నే ఉంచుకున్నాను,
బజార్లో కేకలెయ్యని వాడి దగ్గరే
వంకాయలు కొన్నట్టు.

మొదటి రాత్రే ఆపడం మరిచి నిద్రపోయాను.
తెల్లారేసరికి కోస్టాస్ నాకు
తొమ్మిది గంటల పదకొండు నిమిషాలు బాకీ.
చెరిపేస్తుంటే చెయ్యి కాస్త ఆగింది. అబద్ధమెందుకు,
కలలో కూడా అతని పిండి బస్తాల లెక్క
నాలుగు డాలర్లు తేడా వస్తూనే ఉంది.

మంగళవారం ఫోన్ మోగింది. మీట నొక్కాను.
అటు డాక్టరమ్మ, ఆవిడ ఎదురుగా ఆదెమ్మ గారు.
"నొప్పి వస్తే ఎంతసేపుంటుంది?"
"ఏటి సెప్పను తల్లీ, అన్నం ఉడికినంత సేపు."
దుబాసీకి సొంత నోరు ఉండకూడదు.
అన్నది అన్నట్టే ఇంగ్లీషులో పెట్టాను.
అటు కాసేపు ఏమీ లేదు.
"అంటే ఎన్ని నిమిషాలు?"
అదీ తెలుగులోకి దించాను.
"ఏ బియ్యం? కొత్తవా, పాతవా?"
ఆవిడ అడిగింది నన్నే, డాక్టర్ని కాదు.
అయినా ఇంగ్లీషులో పెట్టాను. తప్పదు.

డాక్టరమ్మ నవ్వలేదు. అది నాకు నచ్చింది.
టైపు చప్పుడు ఆగిపోయింది.
"మీరు ఇంట్లో ఏవి వండుకుంటారో అవే."
"పాతవేనమ్మా. ఇదిగో, ఇప్పుడే ఎసరు కాగతంది..."
అని, ఇక మాట్లాడలేదు.
ఊపిరి మాత్రం వినిపిస్తోంది.
మేం ముగ్గురం, రెండు భాషల్లోనూ నోరు మూసుకుని,
ఒక నొప్పి పక్కన కూర్చున్నాం.
ఆ మౌనాన్ని ఎటు తిప్పినా అనువాదం అక్కర్లేదు.
ఎంతకో, "ఆఁ, వార్చేశాను" అంది.

నా తెర మీద నలభై ఒక్క నిమిషాలు.
పదిహేనేసి నిమిషాల ముక్కలు చేసి
ఏజెన్సీ డబ్బిస్తుంది. ఏ ముక్కలో ఏముందో అడగదు.

ఆ రాత్రి గిన్నె పొయ్యి మీద పెట్టి
గీత మీద "పాత బియ్యం" అని రాసి నొక్కాను.
పదిహేడు నిమిషాల నలభై సెకన్లు.
అంతసేపూ స్టవ్ దగ్గర నిలబడే ఉన్నాను.
కూర్చోబుద్ధి కాలేదు.

శుక్రవారం బిల్లులు పంపాను.
బేకరీకి ఒకటి, పళ్ళ డాక్టరుకి ఒకటి, ఏజెన్సీకి ఒకటి.
ఒక వరస మిగిలిపోయింది.
చెరపాలా అని అడిగింది యాప్.
వద్దన్నాను.