నలభై తొమ్మిది కుర్చీలు

యాభైమంది చేరితే సభ అంటుంది కౌంటీ.
సభ అయితే పైకప్పుకి నీటి గొట్టాలు, గోడకి దీపాలు,
ఏడాదికోసారి రుసుము, రుసుముకో రసీదు.
అందుకని ఓట్‌కార్ వ్లాసాక్ తన ఎండుగడ్డి కొట్టంలో
నలభై తొమ్మిది కుర్చీలే వేస్తాడు.
చర్చి నేలమాళిగవి ఇరవై,
వేలంలో కొన్న బడి కుర్చీలు పాతిక,
వంటింటివి నాలుగు, వాయించే మాకు.

నేను వయోలా.
వారమంతా బడి బస్సు నడుపుతాను.
మొదటి వయొలిన్ పశువుల డాక్టరు,
చేతులు ఎంత కడిగినా కొంచెం దూడ వాసన.
చెలో మాత్రం ఓట్‌కార్‌ది. వాయించడు,
మొక్కజొన్న యంత్రం రెండు వేళ్లు తీసుకున్నాక
ఊరికే విల్లుకి రాళ్లజిగురు రుద్ది ఇస్తాడు.

ఆ చెలో వెనక చెక్క మీద ఎర్రసిరా అంకె: 4417.
మొరావియాలో వాళ్ల పెద్దత్త ఇంటికి
ఒక శీతాకాలం గుమాస్తాలు వచ్చి
కోళ్లని లెక్కపెట్టారు, మంచాలని లెక్కపెట్టారు,
చెలోని కూడా జనం ఆస్తిలో రాసుకున్నారు.
ఆ జనంలో ఒక్కడూ దాన్ని వాయించలేదు, అంటాడు.
అంకె చెరపడు. కొత్తగా వచ్చినవాళ్లకి
చెలో తిప్పి చూపిస్తాడు, మచ్చ చూపించినట్టు.

"చట్టం వద్దని ఎవడన్నాడు?
ఈ ఫ్యూగ్‌లో ఎన్ని చట్టాలున్నాయో చూడు.
నాలుగు గొంతులు, ఒకదాని కాలు ఒకటి తొక్కదు.
కానీ లోర్నా, ఒక్క చట్టమూ
నా కుర్చీలు లెక్కపెట్టదు.
వేలు పెట్టనిస్తే తల దూరుస్తుంది సర్కారు.
తల దూరిందా, ఇక మనమే బయట."

నేను తలూపుతాను. సగమే ఊపుతాను.
పక్క ఊరి డాన్స్‌హాలు కాలిన రాత్రి
తలుపు లోపలికి తెరుచుకునేది.
లోపలున్నవాళ్లంతా దాన్నే తోశారు.
మా పిన్ని వాళ్లలో ఉంది.
ఈ మాట ఓట్‌కార్‌కి ఒకే ఒక్కసారి చెప్పాను.
బదులు చెప్పలేదు. జిగురు డబ్బా మూత పెట్టాడు.

నవంబరులో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, బరెల్ టాన్సీ.
చంకలో అట్ట, చెవి మీద పెన్సిలు.
పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు,
నలభై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు.
రాయడానికేమీ దొరక్క
గడప మీద ఒక కాలుతో నిలబడిపోయాడు.
అప్పుడే నిదానపు భాగం మొదలైంది.

బయట నెబ్రాస్కా గాలి, గోధుమ పొట్టు.
లోపల ఒకే స్వరాన్ని
చెలో నేలకి దించుతుంటే, పైన వయొలిన్
ఇంకా దిగనంటోంది.
టాన్సీ టోపీ తీశాడు. రెండో కాలు ఎత్తాడు.
ఎత్తిన కాలుని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
లోపల పెడితే యాభై.

ఓట్‌కార్ లేచాడు.
తన కుర్చీ అరచేత్తో తుడిచి చూపించాడు.
కోటు కూడా తగిలించుకోకుండా
తన కొట్టంలోంచి తనే బయటికి నడిచాడు.

నాకు కనిపిస్తూనే ఉంది.
పలకల సందులోంచి ఆయన ఊపిరి
తెల్లగా లోపలికొచ్చి కరిగిపోతోంది.
రెండు చరణాలు నేను తప్పాను. ఎవరూ గమనించలేదు.
టాన్సీ అట్టని కుర్చీ కింద పెట్టుకుని
కళ్లు మూసుకున్నాడు.

సోమవారం ఉత్తరం రానే వచ్చింది:
వెనక గుమ్మం మీద ఎర్రదీపం, ముప్పై రోజుల గడువు.
"నా కుర్చీలో కూర్చుని విన్నాడు, దొంగ వెధవ!"
అని రెండు రోజులు తిట్టాడు ఓట్‌కార్.
దీపం ఇరవై తొమ్మిదో రోజున పెట్టాడు.

డిసెంబరులో వయోలా పెట్టె మోసుకుంటూ వెళ్లి
అలవాటుగా తలుపుని లోపలికి నెట్టాను. కదల్లేదు.
బందులు మార్చాడు. కొత్త మరలు మెరుస్తున్నాయి.
ఇప్పుడది బయటికి తెరుచుకుంటుంది.
ఉత్తరంలో ఆ మాట లేదు, నేను చదివాను.

ఓట్‌కార్ అటు తిరిగి కుర్చీలు సర్దుతున్నాడు.
నేనేమీ అనలేదు.
కూర్చుని, సన్న తీగ కొంచెం బిగించాను.