పలకలు రాని చలికాలం

మొదట సుద్దముక్కతో గీశాను.
ఇటు నా గది, అటు వాడిది,
గీత మొదట్లో పొయ్యి.
ఎలాడియో గీత దాటి వచ్చి
టేపు లాగి మళ్లీ కొలిచాడు, మాట్లాడకుండా.
వెడల్పు రెండు మీటర్ల ముప్పై అయిదు.
ఎవరు కొలిచినా అంతే.

చిలోయే దీవికి చేరకముందు
ఈ ఇనప్పెట్టె ఏయే సరుకు మోసిందో తెలీదు.
నేలచెక్కలో ఇంకా పురుగుమందు వాసన.
తలుపు మీద సగం చెరిగిన నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు.
తలుపు పక్కనే, ఏ రేవులో ఏ క్రేను గుద్దిందో,
దోసెడు సొట్ట.

ఇనుములో మేకు దిగదు.
చెక్క ఫ్రేము రేకుకి ఆనకుండా
తన కాళ్ల మీద తను నిలబడాలి.
రెండిటి మధ్యా రెండువేళ్ల సందు.
ఆనిందా, రేకు చెమట కర్రకి పడుతుంది,
కర్ర లోపల్నుంచి నల్లబడుతుంది.
ఇదంతా వాడు నాకు చెప్పలేదు.
వెల్డరు ఫిదెల్‌కి చెబుతుంటే విన్నాను.
అమ్మ పడవ నేను అమ్మేసిన నాటినుంచి
తొమ్మిదేళ్లు, మా మాటలన్నీ
మూడోమనిషి మీదుగానే.

కింద ఒక అడ్డకర్ర, పైన ఒక అడ్డకర్ర,
నలభై సెంటీమీటర్లకొక నిలువు కర్ర.
రసమట్టంలో బుడగ నడిమికి రాలేదు.
చేపల ఓడల్లో బతికినవాడు బుడగని నమ్మడు,
తూకంగుండు వేలాడదీశాడు.
బయట గాలి. పెట్టె వణికింది. గుండు ఊగింది.
అది ఆగేదాకా చెరోపక్క
ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

"ఎదెల్మీరా" అన్నాడప్పుడు. "కిటికీ."
కిటికీ ఒక్కటే.
రెండోది కోస్తే పెట్టె నడుం విరుగుతుందన్నాడు ఫిదెల్.
బెత్తెడు అటు జరిపితే నాకు, ఇటు జరిపితే వాడికి.
మధ్యాహ్నమంతా తగువులాడుకున్నాం,
గొంతులు రేకుకి తగిలి రెట్టింపై తిరిగొచ్చాయి.
చివరికి నిలువు కర్ర సరిగ్గా
కిటికీ నడుమ నిలబెట్టాం.
సగం అఖాతం నాది, సగం వాడిది.
అందులో నల్లమెడ హంసలు
అటూ ఇటూ ఈదుతూనే ఉన్నాయి.

పలకలు రాలేదు.
తుఫానుకి పర్గువా రేవులో ఫెర్రీ ఆగింది,
తర్వాత డబ్బూ ఆగింది.
జూన్, జూలై, ఆగస్టు
కప్పని గోడకి చెరోవైపు పడుకున్నాం.
గోడలకి చెవులుంటాయంటారు.
మాది అప్పటికి ఉత్త ఎముకలే.
వాడు నిద్రలో వల తాళ్లు లెక్కపెట్టేవాడు,
పదిహేడు దగ్గర ప్రతిసారీ తప్పేవాడు.
మధ్యకర్ర మీద వాడి తడి మేజోళ్లు ఆవిర్లు కక్కేవి.
ఒక తెల్లవారుజామున
కర్రల సందులోంచి ఒక చెయ్యి వచ్చింది,
చేతిలో మాతే బుర్ర, వేడిగా.
తాగి తిరిగిచ్చాను.
"పంచదార ఎక్కువేశావు" అన్నాను.
పడవ సంగతి అప్పుడు కూడా ఎత్తలేదు.

సెప్టెంబరులో పలకలొచ్చాయి.
వాడు పట్టుకున్నాడు, నేను స్క్రూలు బిగించాను.
ఒక్కో పలకకీ వాడి గది కొంత మాయమైంది,
ముందు మంచం, తర్వాత మేజోళ్లు, తర్వాత దగ్గు.

పొయ్యి పక్క ఆఖరి పలక
ఇప్పటికీ బయటే ఉంది, వానకి ఉబ్బి.
తెమ్మని వాడనలేదు, నేను తేలేదు.
ఎవరైనా అడిగితే
"సొట్ట వల్ల కొలత తప్పింది" అంటాడు ఎలాడియో.
సొట్ట అవతలి కొసన ఉంది.