ఎన్ని వరసలు

బందరువానిపేట ఐసు ఫ్యాక్టరీ కోడికంటే ముందు లేస్తుంది.
అమ్మోనియా ఘాటుకి నా కళ్లు మండుతుంటే
గోనెపట్టా భుజాన మడిచేసుకుని
మైలపల్లి దాలయ్య కొక్కెంతో దిమ్మల్ని లాగుతున్నాడు
మొండికేసిన దూడల్ని లాగినట్టు.

నేను వంశధార మొగ దగ్గర పాతిన కొలబద్ద చూసుకుని
ఆటుపోట్ల లెక్క రాసుకుని
టీ కోసం ఆగినదాన్ని.
"ఏటి సదువుతున్నావమ్మా?"
"ఐసు" అన్నాను.
నవ్వేడు. వెనకాల మిషను దగ్గరున్నవాళ్లూ నవ్వేరు.
ఇరవయ్యేళ్లుగా మోస్తున్న భుజానికి
దానికీ ఓ చదువుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఫోన్లో చూపించాను.
దక్షిణ ధ్రువం. మహేంద్రగిరి మీద
ఇంకో మహేంద్రగిరిని ఎక్కించినంత మందం.
దాని లోతుల్లోంచి గొట్టంతో తోడిన పొడుగాటి ముక్క,
లోపల బుడగలు,
మనిషి నాగలి పట్టకముందు వీచిన గాలి.
దాలయ్య ఓ దిమ్మని బల్బు వెలుతురుకి తిప్పేడు.
నడుమ తెల్లగా, చిక్కుకుపోయిన ఊపిరి.
"ఇది నిన్నటి గాలి.
మా ఓనరుగారి చుట్టపొగ కూడా ఉంటాది ఇందులో."

ఎలా కరుగుతుందని అడిగితే
ఎండ, వేడిగాలి అని మొదలెట్టాను.
"ఎండ కాదమ్మా,
ఎండ పైపైన నాకుతాది, అంతే.
దిమ్మ సచ్చీది అడుగునుంచి.
తడి నేల మీద ఎట్టి సూడు,
కిందకి నీళ్లు దూరీసరికి నిలబడదు, జారిపోతాది.
అందుకే ఊక పోస్తాం."

ఓడలేసుకుని వెళ్లి
మంచు కిందకి యంత్రాలు దింపి
మావాళ్లు ఏళ్లకేళ్లు తడిసి రాసుకున్న మాట
ఊకలో దొరికింది నాకు.
ఆ గడ్డ కింద ఊక పోసేవాడు లేడు.

ఇంకోటి చెప్పాను. నమ్మడనుకున్నాను.
అంత బరువున్న గడ్డ
చుట్టూ సముద్రాన్ని తనవైపు లాక్కుని కూర్చుంటుంది.
అది కరిగితే దాని ఒడ్డున నీళ్లు తగ్గుతాయి.
పెరిగేది దూరంగా. మనకి.
పార ఆపేడు.
"షావుకారు దివాలా తీస్తే
పక్కింటోడికేం కాదు.
మునిగీది సీటీ కట్టిన పొరుగూరోళ్లే."
ఈ సంగతికి నా దగ్గర సమీకరణం ఉంది.
రెండు పేజీలు.

అప్పుడడిగేడు అసలు మాట.
ఒడ్డుకి నాలుగొందల అడుగుల్లో ఇల్లు,
గోతులు తీసి మేస్త్రీ ఆగి ఉన్నాడు.
"పునాది ఎన్ని వరసలు లేపమంటావు?"

ఈ శతాబ్దం చివరికి, అన్నాను, అడుగు.
కాకపోతే మూడడుగులు.
గడ్డ ఒక్క ఊపున కదిలితే అంతకు మించి,
అదెప్పుడో ఎవరికీ తెలీదు,
లోకం ఎంత పొగ మానుకుంటుందో దాన్నిబట్టి
అంటూ నసుగుతున్నాను.

"నీ అడుక్కీ నీ మూడడుగులకీ మజ్జిన
రెండు వేల ఇటికలున్నాయి తల్లీ."
గొంతులో కోపం లేదు, లెక్క ఉంది.
మా పటంలో అది లేతనీలం పట్టీ,
అనుమానానికి మేం వేసుకున్న రంగు.
ఎన్నో సమావేశాల్లో దాన్ని చూపించాను
కర్ర కొసతో, గొంతు వణక్కుండా.
ఆ పట్టీలో ఒక మనిషి భుజం
రెండేళ్లపాటు ఉందని
ఇవాళే చూశాను.

వానలయ్యాక మళ్లీ వెళ్లాను.
కొలబద్ద ఓ పక్కకి ఒరిగింది, సరిచేసి పాతాం.
అతని పునాది లేచింది. లెక్కెట్టాను. ఏడు.
"నీ మాటకి నాలుగు,
నీ అనుమానానికి రెండు,
గంగమ్మకొకటి" అన్నాడు.

ఎనిమిదో వరసకి తెచ్చినవి
గుమ్మం పక్కన పేర్చే ఉన్నాయి, సిమెంటు తగలకుండా.
"అవో?" అంటే
సముద్రం వైపు చూసేడు, బదులు చెప్పలేదు.
ఒకటి చేతిలోకి తీసుకున్నాను.
బట్టీలో ఊక కాలిన మచ్చ
నల్లగా వేలికంటింది.
ఆ వేలితోనే
ఆ రోజు నీటిమట్టం రాసుకున్నాను.