మిగిలిన నలభై సెకన్లు

ఫైరింజన్లు రెండూ బయటపెట్టి
షెడ్డులో మడత కుర్చీలు వేశారు.
ప్రైమరీకి ఇంకా తొమ్మిది రోజులు.
సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆకు కదలని సాయంత్రం.

నా పని చిన్నది.
పసుపు అట్ట ఎత్తితే ముప్పై సెకన్లుంది,
ఎర్ర అట్ట ఎత్తితే ఇక చాలు.
ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపినదాన్ని,
ఆపడం నాకు తెలుసు.

రోడ్ల కమిషనర్ పదవికి ముగ్గురు, ఒకే పార్టీ.
వేన్ లాబాంట్ నా ఎర్ర అట్ట చూసీ చూడనట్టు
తాతగారి రాగి గనిలోకి దిగి
మనవరాలి దాకా ఎక్కి వచ్చాడు.
డెల్ఫీన్ అంకెలు చెప్పింది,
మూకుడులో పేలాలు వేగినట్టు.

వెనక వరుసలో ఐలీ నీమి లేచింది.
"వాగు మీద వంతెన మూసి నాలుగేళ్ళు.
మా ఆయన కోసం పిలిచిన అంబులెన్సు
చుట్టూ తిరిగి వచ్చింది.
ఎప్పుడు కడతారు?"

రేనో కార్వొనెన్ మైకు అందుకున్నాడు.
"తెలియదు. డబ్బు లేదు.
దారి మూసిన బోర్డు కొట్టింది నేనే."
కూర్చున్నాడు.

ఇంకా నలభై సెకన్లు.
ఏ అట్ట ఎత్తాలో నాకెవరూ చెప్పలేదు.
కాఫీ కుండ గురగురమంది.
ఎవరో దోమను కొట్టబోయి చెయ్యి దించారు.
ఐలీ నిలబడే ఉంది.

వెళ్తూ వెళ్తూ అందరూ
వేన్ పేరున్న విసనకర్రలు పట్టుకెళ్ళారు.
నేనూ ఒకటి తీసుకున్నాను, ఉక్కపోత మరి.

చుట్టుదారి పట్టాల్సింది పోయి
వాగు దాకా పోనిచ్చాను.
హెడ్‌లైట్ల వెలుగులో బోర్డు.
ఒక్క మేకూ వంకర పోలేదు.